యూరియా వేస్తే ఆకుకూరల్లోకి కాడ్మియం ఎక్కువగా చేరుతుందా?

ప్రశ్న: మూసీగట్టు

అందరికీ నమస్కారం. హైదరాబాదుకు దిగువన మూసీ ఒడ్డున మాకు రెండున్నర ఎకరాల భూమి ఉంది. అందులో ఎకరంన్నర పల్లపు చెక్క. మా మామగారి కాలంలో ఆ చెక్కలో పారాగడ్డి పెంచి పాడివాళ్లకు అమ్మేవారు. ఎనిమిదేళ్లుగా మేము పాలకూర, తోటకూర, కొత్తిమీర వేస్తున్నాము. దానికి నగరపు మురుగు కలిసిన మూసీ కాలువ నీరే ఆధారం. మిగిలిన ఎకరం గట్టు మీద ఉన్న చెలక. అక్కడ వానాకాలంలో మాత్రమే పంట పెడతాము.

పాలకూరకు ప్రతి కోత తరువాత యూరియా పైపాటుగా వేసి తడి ఇస్తాము. అన్నీ కలిపితే ఎకరానికి ఏడాదికి ఆరు బస్తాలు పడుతుంది. ఇటీవల మా ఊరికి వచ్చిన ఒక వ్యవసాయ విద్యార్థి, యూరియా వంటి నత్రజని ఎరువులు నేలను పులియబెడతాయని (అంటే ఆమ్లం పెంచుతాయని), పులిసిన నేలలో కాడ్మియం అనే విషలోహం కరిగి మొక్కలోకి ఎక్కుతుందని, అందువల్ల మురుగునీరు పారే పొలంలో యూరియా వేయకపోవడమే మంచిదని చెప్పారు. పక్క పొలం ఆయన యూరియా మాని అమ్మోనియం సల్ఫేట్ వేయమంటున్నారు. ఎరువుల కొట్టులో అడిగితే కాల్షియం నైట్రేట్ పేరు చెప్పారు.

నా అనుమానం తీర్చుకోవడానికి రెండు మళ్లలో పాలకూర వేసి, ఒక మడికి యూరియా వేసి, రెండో మడికి వేయకుండా పెంచి, రెండింటి ఆకులనూ పరీక్షకు పంపాను. యూరియా వేయని మడిలో మొక్కలు జానెడు కూడా ఎదగలేదు, ఆకు పసుపు తిరిగింది. ఫలితం చూస్తే, కిలో ఆకుకు లెక్కగట్టిన కాడ్మియం ఆ మడిలోనే కొంచెం ఎక్కువగా ఉంది. విద్యార్థి చెప్పిన దానికి ఇది తలకిందులుగా కనబడుతోంది. పల్లపు చెక్క మట్టి ఉదజని సూచిక (పీహెచ్; 7 కంటే తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం) 7.8 అని భూసార పరీక్ష పత్రంలో ఉంది. నేను యూరియా మానాలా, మార్చాలా, తగ్గించాలా? తెలిసినవారు కారణంతో సహా చెప్పగలరు.

జవాబు: నేలచదువు

మీరు రెండు మళ్లు వేసి చూడటం చాలా మంచి పని. అయితే మీకు వచ్చిన ఫలితం విద్యార్థి మాటను కొట్టివేయదు, సమర్థించదు కూడా, ఎందుకంటే అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. యూరియా వేసిన మడిలో ఆకు బరువు ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది. వేరు లోపలికి తీసుకున్న కాడ్మియం ఆ పెరిగిన ఆకంతటా పంచుకుపోతుంది కాబట్టి కిలోకు లెక్కగట్టినప్పుడు తక్కువగా కనిపిస్తుంది. పాలల్లో నీళ్లు కలిపితే పలచబడినట్టే ఇదీ. మడి మొత్తం నుంచి మొక్కలు పైకి లాగిన కాడ్మియం ఎంతో తెలియాలంటే ఆకులోని మోతాదును ఆ మడి దిగుబడితో గుణించాలి. అలా గుణిస్తే యూరియా మడిలోనే ఎక్కువ రావచ్చు. తినేవారికి కావలసింది కిలో లెక్కే, నేల సంగతి అర్థం చేసుకోవడానికి కావలసింది మొత్తం లెక్క. మీ రెండు మళ్ల ఆకు బరువులు రాసి పెట్టుకుని ఉంటే తెలుపగలరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మార్కెట్లో దొరికే యూరియాలో గాని అమ్మోనియం సల్ఫేట్‌లో గాని మనం లెక్కచేయవలసినంత కాడ్మియం ఉండదు. ఎరువుతో పాటు కాడ్మియం పొలంలోకి వచ్చేది ప్రధానంగా భాస్వరం ఎరువుల ద్వారా, ఎందుకంటే వాటికి ముడిసరుకైన ఫాస్ఫేట్ రాతిలోనే అది ఉంటుంది. యూరోపియన్ యూనియన్ ఈ కారణంగానే 2022 జులై నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో కిలో భాస్వరానికి (పి2ఓ5 లెక్కన) 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదని పరిమితి పెట్టింది. నత్రజని చేసే పని వేరు. మురుగునీటి వల్లనో, పరిశ్రమల వ్యర్థాల వల్లనో ముందే నేలలో చేరి మట్టి రేణువులకు అంటుకుని ఉన్న లోహాన్ని అది కదిలించవచ్చు.

కదిలించే విధానం ఇది. అమ్మోనియం రూపంలోని నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చేటప్పుడు ఒక్కొక్క అమ్మోనియం అయానుకు (విద్యుదావేశం ఉన్న కణానికి) రెండు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. నేల పులుపెక్కడం అంటే అదే. యూరియా కొంత భిన్నంగా నడుస్తుంది. అది ముందుగా అమ్మోనియంగా విడిపోయేటప్పుడు కొంత ఆమ్లాన్ని తానే వాడుకుంటుంది. అందుకే యూరియా గుళిక చుట్టూ కొన్ని రోజుల పాటు ఉదజని సూచిక పెరుగుతుంది, తరువాతే తగ్గుతుంది. ఈ కారణంగా ఒకే మోతాదు నత్రజనికి యూరియా పులుపు తక్కువ, అమ్మోనియం సల్ఫేట్ పులుపు చాలా ఎక్కువ. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం 100 కిలోల యూరియా పుట్టించే ఆమ్లాన్ని విరచడానికి సుమారు 80 కిలోల సున్నపురాయి పొడి కావాలి, 100 కిలోల అమ్మోనియం సల్ఫేట్‌కు 110 కిలోలు కావాలి. అమ్మోనియం సల్ఫేట్‌లో నత్రజని 20.6 శాతమే, యూరియాలో 46 శాతం. కాబట్టి సమానమైన నత్రజనికి లెక్క వేస్తే అమ్మోనియం సల్ఫేట్ దాదాపు మూడు రెట్లు పులుపు. పక్క పొలం ఆయన సలహా లోహాల విషయంలో పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది.

ఇప్పుడు మీ పల్లపు చెక్క లెక్క చూద్దాం. పై 15 సెంటీమీటర్ల మట్టి ఎకరానికి సుమారు తొమ్మిది లక్షల కిలోలు ఉంటుంది. అందులో రెండు శాతం సున్నం ఉందనుకుంటే 18 టన్నులు. మీరు వేసే ఆరు బస్తాల యూరియా, బస్తాకు 45 కిలోల చొప్పున 270 కిలోలు, ఏడాదికి 216 కిలోల సున్నాన్ని కరిగిస్తుంది. కాలువ నీరు కొత్తగా ఏమీ తేకపోయినా ఆ సున్నం అయిపోవడానికి ఎనభై ఏళ్లు పైగా పడుతుంది. పైగా మురుగునీటిలో బైకార్బొనేట్లు ఉంటాయి, అవి తడి తడికీ పులుపును విరుస్తూనే ఉంటాయి. సున్నం నిజంగా ఉన్నట్టయితే, 7.8 ఉన్న మీ నేలను యూరియా పులియబెట్టి కాడ్మియాన్ని విడిపిస్తుందన్న భయం ఇప్పట్లో అవసరం లేదు.

సున్నం ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆరిన మట్టిని ఒక చెంచాడు పింగాణీ పళ్లెంలో పోసి దాని మీద పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేయండి. చుయ్యిమని నురగ వస్తే సున్నం ఉన్నట్టు. చేతికి తొడుగు వేసుకోవడం, పిల్లలను దూరంగా ఉంచడం మరువకండి. రెండు చెక్కల మట్టినీ విడివిడిగా చూడండి. మీరు చెలక గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, దాని మీదే నాకు ఎక్కువ అనుమానం.

జవాబు: దూరతీరం

నేలచదువు గారు చెప్పినట్టు అమ్మోనియం నేలను పులియబెట్టడం కంటికి కనిపించే చోటు ఒకటి ఉంది. నేను ఉద్యోగరీత్యా ఇంగ్లాండులో ఉంటాను. లండనుకు ఉత్తరాన రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో పార్క్ గ్రాస్ అనే గడ్డి ప్రయోగం 1856 నుంచి ఆగకుండా నడుస్తోంది. లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఒకే మైదానాన్ని మళ్లుగా విడదీసి, ఒక మడికి ఏటా అమ్మోనియం లవణం, మరో మడికి సోడియం నైట్రేట్, ఇంకొక దానికి ఏమీ లేకుండా పెంచుతూ వచ్చారు. సున్నం వేయకుండా అమ్మోనియం వేసిన మళ్లలో ఉదజని సూచిక 4 కంటే దిగువకు పడిపోయింది. నైట్రేట్ మడి, ఎరువే వేయని మడికంటే దిగువకు పోలేదు.

నేను ఆ మళ్ల గట్టున నిలబడి చూశాను. ఒక పక్క రకరకాల పూలమొక్కలు, రెండు అడుగులు అవతల ఒకటి రెండు జాతుల గడ్డి తప్ప మరేమీ లేదు. ఆ గడ్డి మొదలు దగ్గర వేలు పెడితే ఏళ్ల తరబడి కుళ్లని ఎండుగడ్డి పరుపులా తగులుతుంది, ఎందుకంటే ఆ పులుపులో వానపాములు బతకవు. ఆ స్థాయి పులుపులో నేలలోని అల్యూమినియం, జింక్, కాడ్మియం వదులై వేరుకు అందుబాటులోకి వస్తాయి. ఒకే నేల, ఒకే వాన, నత్రజని రూపం మాత్రమే వేరు. అయితే అది జరగడానికి దశాబ్దాలు పట్టింది, అక్కడ విరచడానికి సున్నం తగినంత లేదు అన్న రెండు మాటలూ గుర్తుంచుకోవాలి.

జవాబు: వేరుమూలం

పైవారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. నేను మొక్కల శరీరధర్మ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నీటి ద్రావణంలో మొక్కలు పెంచి, ఉదజని సూచికను కదలకుండా నిలిపి ఉంచి, ఒకదానికి అమ్మోనియం, మరొకదానికి నైట్రేట్ ఇచ్చిన ప్రయోగాల్లో చాలావాటిలో నైట్రేట్ ఇచ్చిన మొక్కల్లోనే కాడ్మియం ఎక్కువగా చేరింది. వరిలోనూ, లోహాలను అసాధారణంగా పోగుచేసుకునే నోకియా సెరులెసెన్స్ అనే మొక్కలోనూ ఇది కనబడింది. కారణం ఊహించదగినదే. నైట్రేట్ ఋణావేశం గలది, దానితో పాటు ధనావేశ అయాన్లు కూడా లోపలికి పోతాయి. అమ్మోనియం అయితే తానే ధనావేశం గలది కాబట్టి కాడ్మియానికి పోటీగా నిలుస్తుంది. ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, నైట్రేట్‌ను వేరులోకి చేరవేసే ఎన్‌ఆర్‌టి1.1 అనే వాహక ప్రోటీన్‌ను పని చేయకుండా చేస్తే కాడ్మియం చేరడం తగ్గిందని కూడా తేలింది. కనుక అమ్మోనియం ప్రమాదకరం, నైట్రేట్ సురక్షితం అని గీత గీసినట్టు చెప్పడం సరికాదు. ఎరువుల కొట్టువారి మాట విని కాల్షియం నైట్రేట్ వేసినంత మాత్రాన పని అయిపోదు.

జవాబు: నేలచదువు

వేరుమూలం గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను, అయితే అందులోని ఒక్క మాట పట్టుకుంటాను. "ఉదజని సూచికను కదలకుండా నిలిపి ఉంచి" అన్నారు. సీసాలో దాన్ని నిలిపి ఉంచవచ్చు, పొలంలో ఎవరు నిలుపుతారు? వేరు అమ్మోనియం తీసుకున్నప్పుడు బదులుగా హైడ్రోజన్ అయాన్లను బయటికి వదులుతుంది, నైట్రేట్ తీసుకున్నప్పుడు క్షారాన్ని వదులుతుంది. ఈ ఒక్క కారణంగానే వేరును అంటి ఉన్న మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల మట్టిలో ఉదజని సూచిక దూరంగా ఉన్న మట్టి కంటే ఒక అంకె, కొన్ని సందర్భాల్లో రెండు అంకెలు తేడాగా ఉండవచ్చు. ఉదజని సూచిక ఒక అంకె తగ్గితే మట్టి నీటిలోకి కరిగే కాడ్మియం కొన్ని రెట్లు పెరుగుతుంది. వేరు తలుపు దగ్గర అమ్మోనియం ఇచ్చే పోటీ చిన్నది, ఆ తలుపు దాకా కాడ్మియాన్ని మోసుకొచ్చే పులుపు పెద్దది. సున్నం లేని తేలిక నేలల్లో రెండోదే గెలుస్తుంది. సున్నం ఉన్న నేలల్లో పులుపు పుట్టిన చోటే విరిగిపోతుంది కాబట్టి అక్కడ వేరుమూలం గారు చెప్పిన ప్రభావం బయటపడే అవకాశం ఉంది. ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపించే ఫలితాలను చదివేటప్పుడు ముందుగా ప్రయోగం ఏ నేలలో జరిగిందో చూడాలని నేను విద్యార్థులకు చెప్పేవాడిని.

కాల్షియం నైట్రేట్ గురించి మరొక మాట. ఆకుకూరలకు నైట్రేట్ రూపంలో ఎక్కువగా ఇస్తే ఆకులో నైట్రేటే పేరుకుంటుంది. ఒక చిక్కు విప్పబోయి ఇంకొకటి వేసుకోవడం అవుతుంది.

మూసీగట్టు గారు అడగకపోయినా చెప్పవలసిన సంగతి క్లోరైడు. క్లోరైడు అయాను కాడ్మియంతో జతకట్టి, మట్టి రేణువు పట్టుకోలేని రూపంలో దాన్ని నీటిలో నిలిపి ఉంచుతుంది. దీనికి ఉదజని సూచికతో పని లేదు, 7.8 ఉన్న నేలలోనూ జరుగుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఉప్పునీరు పారించిన బంగాళాదుంప పొలాల్లో దుంపలోని కాడ్మియం నేల ఉదజని సూచిక కంటే క్లోరైడుతోనే ఎక్కువగా ముడిపడి ఉందని తేలింది. పల్లపు చెక్కలో అమ్మోనియం క్లోరైడు వాడకండి. పొటాష్ అవసరమైతే మ్యూరేట్ (అది పొటాషియం క్లోరైడే) బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి, ధర ఎక్కువైనా సరే. మురుగునీటిలో ఉప్పు ముందే ఉంటుంది, మనం మళ్లీ కలపడం ఎందుకు?

అలాగే ఆ నీటిలోనే నత్రజని ఉంటుంది, అదీ అమ్మోనియం రూపంలో. ప్రతి తడికీ మీరు తెలియకుండానే ఎరువు వేస్తున్నారు. ఆరు బస్తాలు ఎక్కువే అనిపిస్తోంది. కోతకు కోతకు మధ్య ఒక మడిలో సగం మోతాదు వేసి ఆకు రంగు చూసి నిర్ణయించుకోండి. దీనివల్ల కాడ్మియం ఎంత తగ్గుతుందో గాని ఖర్చు మాత్రం తప్పక తగ్గుతుంది.

జవాబు: వరిమడి

ఆకుకూరల చర్చలో వరి గురించి అడుగుతున్నందుకు క్షమించాలి. మాది కూడా మూసీ ఆయకట్టే, ఇంకా దిగువన. మడిలో నీరు నిలిపితే కాడ్మియం తగ్గుతుందని, ఆర్సెనిక్ అనే మరో విషపదార్థం పెరుగుతుందని విన్నాను. ఇది నిజమేనా? నత్రజనికి అందులో పాత్ర ఉందా?

జవాబు: నేలచదువు

నిజమే. నీరు నిలిచి గాలి ఆడని మడిలో కాడ్మియం సల్ఫైడుగా మారి గట్టిపడుతుంది. అదే మడిలో ఇనుప ఆక్సైడ్లు కరిగి, వాటిని అంటుకుని ఉన్న ఆర్సెనిక్‌ను వదిలేస్తాయి, దాన్ని వరి వేరు సిలికా తీసుకునే దారిలోనే లోపలికి తీసుకుంటుంది. గింజ పాలుపోసుకునే దశలో మడిని ముందుగా ఆరబెడితే కాడ్మియం తిరిగి కరుగుతుంది. జపాన్‌లో జింజు నది ఒడ్డున వరి తిని, ఎముకలు పెళుసై తీవ్రమైన నొప్పులు పెట్టే ఇటాయ్-ఇటాయ్ వ్యాధి బారిన పడినవారి కథ వెనుక ఉన్నది గనుల నుంచి వచ్చిన కాడ్మియమే. అక్కడి ప్రభుత్వం 1968లో దాన్ని కాలుష్య వ్యాధిగా గుర్తించింది. నత్రజని పాత్ర ఇక్కడ చిన్నది. నైట్రేట్ ఉన్నంత కాలం ఇనుప ఆక్సైడ్లు కరగడం ఆలస్యమవుతుంది, కాబట్టి ఆర్సెనిక్ కొంత ఆగుతుంది. కాని నీరు నిలిచిన మడిలో నైట్రేట్ ఎక్కువ రోజులు నిలవదు, గాలిలో కలిసిపోతుంది. వరిలో ముందుగా చూడవలసింది నీటి యాజమాన్యం. వివరంగా అడగాలంటే వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ పాలకూర దారి తప్పుతుంది.

జవాబు: మూసీగట్టు

ఇన్ని విషయాలు ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పరీక్ష చేసి చూశాను. కళాశాలలో చదివే మా బాబు ప్రయోగశాల నుంచి ఆమ్లం చిన్న సీసాలో తెచ్చాడు. పల్లపు మట్టి మీద చుక్క పడగానే చుయ్యిమని తెల్లటి నురగ పైకి వచ్చింది, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటలు వినిపించాయి. గట్టు మీది చెలక మట్టి మీద వేస్తే చుక్క ఇంకిపోయింది, ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. నాలుగు చోట్ల తీసిన మట్టితో చూశాను, నాలుగు సార్లూ అంతే. ఆ చెలక మట్టిని విడిగా భూసార పరీక్షకు ఇస్తే ఉదజని సూచిక 5.8 అని వచ్చింది.

నేలచదువు గారి అనుమానం సరైనదే. ఆ చెలకకు కాలువ నీరు ఎక్కదు కాబట్టి అక్కడ లోహాల బెంగ లేదని మేము అనుకున్నాము. కాని ఆరేళ్లుగా ప్రతి వేసవిలో రెండు ట్రాక్టర్ల పట్టణ కంపోస్టు (నగరపు చెత్తతో చేసిన ఎరువు) అక్కడే తోలిస్తున్నాము. వానాకాలం తోటకూరకు ఆకు నిగనిగలాడుతుందని అమ్మోనియం సల్ఫేట్ వేస్తున్నది కూడా ఆ చెలకకే. పక్క పొలం ఆయన సలహాను ఆ చెక్క వరకు ఎప్పుడో పాటించాము. రెండు మళ్ల ఆకు బరువుల సంగతి: యూరియా మడిలో తొమ్మిది కిలోలు, వేయని మడిలో రెండున్నర కిలోలు వచ్చాయి. గుణించి చూస్తే మొత్తం మీద యూరియా మడే ఎక్కువ కాడ్మియం లాగింది, మీరన్నట్టే. చెలకను ఏం చేయమంటారు?

జవాబు: నేలచదువు

చెలకలో అమ్మోనియం సల్ఫేట్ వెంటనే ఆపండి. ఆకు నిగనిగలాడింది గంధకం వల్ల కావచ్చు. గంధకమే కావలసి ఉంటే కొద్దిగా జిప్సం వేస్తే అందుతుంది, అది పులుపు పెంచదు. నత్రజని కోసం పశువుల ఎరువుతో పాటు కాల్షియం అమ్మోనియం నైట్రేట్ వాడవచ్చు, అందులో సున్నం కలిసి ఉంటుంది కాబట్టి నేలను దాదాపు పులియబెట్టదు. సున్నం ఎంత వేయాలో ఉదజని సూచిక ఒక్కటే చూసి చెప్పడం నాకు ఇష్టం లేదు. భూసార పరీక్ష కేంద్రంలో సున్నపు అవసరం కూడా కట్టి ఇమ్మని అడగండి. తేలిక నేలలో మోతాదు మించితే జింక్ అందకుండా పోతుంది. జింక్ కొరత ఉన్న నేలలో కాడ్మియం ఇంకా సులువుగా లోపలికి పోతుంది, ఎందుకంటే రెండూ వేరులోకి వెళ్లే దారులు చాలావరకు ఒకటే.

పట్టణ కంపోస్టు కొనేటప్పుడు విశ్లేషణ పత్రం అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. పత్రం చూపించలేని కంపోస్టును ఆకుకూరల చెక్కలో వేయకండి. ఆకులో సీసం కనిపిస్తే మాత్రం ముందుగా ఎరువును అనుమానించకండి. సీసం వేరు నుంచి ఆకు దాకా చాలా తక్కువగా ఎక్కుతుంది, ఆకు మీద ఉన్నది చాలావరకు దుమ్ము, వాన చినుకులకు ఎగిరిపడిన మట్టి. పరీక్షకు పంపే ముందు సగం ఆకు కడిగి, సగం కడగకుండా రెండు సంచుల్లో పంపితే తేడా తెలుస్తుంది.

ఈ వానాకాలం చెలకలో తోటకూర బదులు బెండ గాని బీర గాని వేయండి, కాడ్మియం కాయలోకి ఆకు కంటే బాగా తక్కువగా చేరుతుంది. ఒక మూలన చిన్న మడిలో మాత్రం తోటకూర ఉంచి, దానికి సున్నం వేసిన భాగం, వేయని భాగం విడదీసి, రెండింటి ఆకు బరువులూ రాసి పెట్టండి. ఈసారి బరువులు రాయడం మరిచిపోరని తెలుసు. ఫలితం వచ్చాక ఇక్కడే పెడితే, వేరుమూలం గారితో నా వాదన మళ్లీ మొదలుపెడతాను.